వెచ్చాల చీటీ ముందు, కూపన్ తర్వాత

*టీవీలో చూపించే పిచ్చి పొదుపుకూ ఇల్లు నడిపే పొదుపుకూ ఎక్కడ తేడా? పుదుచ్చేరి ఇందిరా నగర్ వంటిళ్ళ నుంచి ఓ పరిశీలన*

నాలుగు తోపుడు బుట్టల నిండా సరుకు. టూత్‌పేస్ట్ ట్యూబులు, సాస్ సీసాలు, కార్న్‌ఫ్లేక్స్ డబ్బాలు, టిష్యూ కట్టలు. బిల్లు వందల డాలర్లు దాటుతుంది. అప్పుడు వాటిని తోసుకొచ్చిన ఇల్లాలు సంచీలోంచి లావుపాటి ఫైలు తీస్తుంది. కౌంటర్‌లో అమ్మాయి ఒక్కో కూపన్ స్కాన్ చేస్తుంటే తెర మీద అంకె తగ్గుతూ వస్తుంది. చివరికి కట్టాల్సింది నాలుగైదు డాలర్లు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొడతారు, ఆవిడ కళ్ళు తుడుచుకుంటుంది.

అమెరికాలో టీఎల్‌సీ చానెల్ ‘ఎక్స్‌ట్రీమ్ కూపనింగ్’ పేరుతో 2010 డిసెంబర్ 29న వేసిన ప్రత్యేక కార్యక్రమం తీరు ఇది. జనం విరగబడి చూడటంతో 2011 ఏప్రిల్ నుంచి సిరీస్‌గానే నడిపారు. 2008 ఆర్థిక మాంద్యం దెబ్బకు ఉద్యోగాలు పోయి, ఇళ్ళు పోయి జనం అల్లాడుతున్న కాలమది. వంద డాలర్ల సరుకు ఐదు డాలర్లకు దొరుకుతుందంటే ఎవరు చూడరు? ఆ దృశ్యాల ముక్కలు ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతున్నాయి. మా ఇందిరా నగర్‌లోనూ చూసినవాళ్ళున్నారు. జిప్మర్ ఆసుపత్రికి దగ్గరగా, గోరిమేడు వైపున్న పేట మాది. ఉద్యోగం కోసమో, చదువు కోసమో యానాం నుంచి, ఆంధ్ర నుంచి వచ్చి ఇక్కడ కాపురం పెట్టిన తెలుగిళ్ళు కొన్ని ఉన్నాయి. నెల మొదట్లో ఇద్దరు ఆడవాళ్ళు కలిస్తే పప్పు ధర మాట్లాడుకోకుండా విడిపోరు. అందుకే ఆ టీవీ పొదుపు మనకు పనికొస్తుందా, రాదా అన్న ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. నెలాఖరున చేతిలో వెయ్యి రూపాయలు మిగలడం, మిగలకపోవడం చాలా ఇళ్ళలో పెద్ద విషయం.

ముందు ఆ కూపన్ వెనక ఉన్న లెక్క తెలుసుకోవాలి. అక్కడ కూపన్ ఇచ్చేది ఎక్కువగా దుకాణం కాదు, వస్తువు తయారుచేసే కంపెనీ. ఆదివారం పత్రికతో పాటు కూపన్ల కాగితాలు ఇంటికొస్తాయి. కొనేవాళ్ళు కత్తిరించి తెస్తే దుకాణదారు ఆ మేరకు ధర తగ్గించి, కాగితాన్ని కంపెనీకి పంపి డబ్బు రాబట్టుకుంటాడు. శ్రమకు కూలిగా కూపన్‌కు ఎనిమిది సెంట్లు అదనంగా ముడుతుంది. కొన్ని దుకాణాలు కంపెనీ కూపన్ విలువను రెట్టింపు చేసేవి. దాని మీద దుకాణం సొంత కూపన్ కూడా పెట్టుకోనిచ్చేవి. రెట్టింపు కూపన్, సొంత కూపన్, ఆ వారం తగ్గింపు ధర మూడూ ఒకే వస్తువు మీద కలిసొస్తే అది దాదాపు ఉచితంగా వస్తుంది. టీవీలో కనిపించిన అద్భుతం అంతా ఈ మూడూ కలిసిన రోజుదే.

ఆ రోజు కోసం పడే పాటును మాత్రం కెమెరా ఓ నిమిషంలో దాటేసేది. ఒకే పత్రిక పదేసి ప్రతులు కొనేవాళ్ళు, పక్కవాళ్ళు పారేసిన కాగితాల కోసం చెత్త డబ్బాలు వెతికేవాళ్ళు, వారానికి ఇన్ని గంటలని దీనికే కేటాయించేవాళ్ళు. షూటింగ్ కోసం కొన్ని దుకాణాలు మామూలు నిబంధనలు సడలించాయన్న విమర్శ అప్పట్లోనే వచ్చింది. కూపన్ మీద రాసిన వస్తువు ఒకటైతే, దాని బార్‌కోడ్ ఆ కంపెనీకే చెందిన వేరే చవక వస్తువుకూ చెల్లే లొసుగును వాడుకున్నారన్న ఆరోపణా వచ్చింది. ఆ దారి పట్టుకుని చివరిదాకా వెళ్తే ఎక్కడ తేలతామో 2021లో వర్జీనియాలో తెలిసింది. ఇంట్లో కంప్యూటర్ మీద దొంగ కూపన్లు తయారుచేసి అమ్మిన ఒక మహిళకు కోర్టు 12 ఏళ్ళ జైలు శిక్ష వేసింది. కంపెనీలకు, దుకాణాలకు కలిగిన నష్టం 3 కోట్ల 10 లక్షల డాలర్లకు పైమాటేనని తేల్చారు.

కూపన్ పుట్టిందే కొనేవాళ్ళకు మిగల్చడానికి కాదు, అలవాటు చేయడానికి. 1887 ప్రాంతంలో అట్లాంటాలో కోకాకోలా పంచిన ‘ఒక గ్లాసు ఉచితం’ చీటీలను తొలి కూపన్లుగా చెబుతారు. ఆ గ్లాసు తాగినవాళ్ళు రెండో గ్లాసు డబ్బిచ్చి తాగారు. దీనికి మరీ దగ్గరి ఉదాహరణ మా పక్క ఊళ్ళోనే ఉంది. పుదుచ్చేరికి దక్షిణాన ఉన్న కడలూరులో 1983లో సి.కె.రంగనాథన్ పదిహేను వేల రూపాయలతో చిక్ షాంపూ మొదలుపెట్టారు. చిన్న పొట్లంలో షాంపూ అమ్మవచ్చని దారి చూపినవారిలో ఆయన తండ్రి చిన్ని కృష్ణన్ ఒకరు. కొడుకు దాని మీద ఒక పథకం వేశారు. ఏ కంపెనీదైనా సరే, ఖాళీ షాంపూ పొట్లాలు ఐదు తెచ్చిస్తే ఒక చిక్ పొట్లం ఉచితం. జనం ఖాళీ పొట్లాలు పట్టుకుని కొట్లకు వచ్చారు. జనానికి చిక్ అలవాటయ్యాక పథకంలో చిన్న మార్పు వచ్చింది. ఇకమీదట చిక్ ఖాళీ పొట్లాలకే ఉచితం. అంతే, మిగతా కంపెనీల పొట్లాలు కొనడం తగ్గి, చిక్ అమ్మకాలు ఎగబాకాయి. ఆ కంపెనీయే తర్వాత కెవిన్‌కేర్ అయింది. వ్యాపారంగా చూస్తే గొప్ప తెలివి, అందులో మోసమేమీ లేదు. ఖాళీ పొట్లం తెచ్చినవాళ్ళకు నిజంగానే షాంపూ దొరికింది. పైసా పైసా చూసుకుని తలంటుకునే ఇళ్ళకు అది మేలే. కాకపోతే మార్పు తర్వాత ఐదు చిక్ పొట్లాలు కొంటేనే ఆరోది వస్తుంది. కొనేవాళ్ళు ఆ రెండో మలుపు దగ్గర ఆగి చూసుకోవాలి.

1999లో బ్రిటానియా బిస్కెట్ల ప్రపంచకప్ పథకం గుర్తున్నవాళ్ళకు ఈ మలుపు బాగా తెలుసు. రేపర్ల మీద పరుగులు అచ్చువేసి, వంద పరుగులు కూడబెడితే బహుమతి పుస్తకం అన్నారు. పరుగుల కోసం బిస్కెట్లు కొనిపించిన పిల్లలు తెలుగునాట ఇంటింటా ఉన్నారు. 2006 జనవరి 26న బిగ్ బజార్ ‘అన్నిటికంటే చవకైన రోజు’ అని ప్రకటిస్తే జనం పోటెత్తి, కొన్నిచోట్ల పోలీసులు వచ్చి దుకాణాలు మూయించాల్సి వచ్చింది. అదే సంస్థ పాత పేపర్లు, పాత బట్టలు తెస్తే కూపన్లిచ్చే మేళాలూ పెట్టింది. ఆ కూపన్ ఖర్చు కావాలంటే దాని విలువకు కొన్ని రెట్లు సరుకు కొనాల్సి వచ్చేది.

హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల సోడెక్సో పుస్తకాలది మరో తరహా. పూటకు యాభై రూపాయల దాకా పన్ను లేకుండా కంపెనీ ఇచ్చిన భోజన కూపన్లు అవి. చాలామంది వాటితో సూపర్ మార్కెట్‌లో నెల సరుకులు తెచ్చుకునేవారు. బియ్యం, పప్పు, నూనె ఎలాగూ కొనాల్సినవే కాబట్టి మిగిలిన పన్ను నిజంగా మిగిలినట్టే. నిజంగా పనికొచ్చే కూపన్ అంటే నా దృష్టిలో ఇదీ. ఒక్క ఇబ్బంది, కూపన్‌కు చిల్లర ఇచ్చేవారు కాదు. ఆ పదీ పరకా సరిపెట్టడానికి కౌంటర్ దగ్గరి చాక్లెట్లు బుట్టలో పడేవి.

మా ఎదురింటి అక్క పుట్టిల్లు యానాం. ఆవిడ వెచ్చాలు తెచ్చే పద్ధతి నేను దగ్గరగా చూశాను. నెల మొదటి వారంలో డబ్బాలన్నీ కిందికి దించి, ఏది ఎంత మిగిలిందో చూస్తారు. అప్పుడు చీటీ రాస్తారు. కందిపప్పు రెండు కిలోలు, మినపగుళ్ళు కిలోన్నర, నువ్వుల నూనె లీటరు, ఇంగువ అక్కర్లేదు. ఆ చీటీ రాయడం అయ్యాకే ఫోన్‌లో వచ్చిన ఆఫర్లు తెరుస్తారు. చీటీలో ఉన్నదానికి ఆఫర్ ఉంటే పక్కన చిన్న గీత పెడతారు.

“అక్కా, టీవీలో ఆవిడ అన్ని సీసాలు ఊరికే తెచ్చుకుందే, మీకు అలా చేయాలనిపించలేదా?” అన్నాను.

“ఊరికే ఎక్కడమ్మా? ఆ సీసాలు పెట్టుకున్న గదికి అద్దె లేదూ? ఆవిడ కూర్చుని కత్తిరించిన పొద్దుకు విలువ లేదూ?” అన్నారు. “మనింట్లో తినేది నాకు తెలుసు. అంతకు మించి తెస్తే పురుగులకు పెట్టడమే.”

ఆవిడతో ఓసారి సూపర్ మార్కెట్‌కు వెళ్ళాను. గిన్నెలు తోమే లిక్విడ్ దగ్గర పసుపు రంగు కాగితం వేలాడుతోంది, ముప్ఫై రూపాయల తగ్గింపని. ఆవిడ ఆ సీసా వెనక్కి తిప్పారు. మన దేశంలో ప్యాకెట్ మీద ఎంఆర్‌పీతో పాటు గ్రాముకో మిల్లీలీటరుకో ఎంత పడుతుందో కూడా అచ్చు వేయాలన్న నిబంధన ఉంది. చాలామంది చూడని ఆ చిన్న అంకెనే ఆవిడ వెతుకుతారు. ఉదాహరణకు 750 మిల్లీలీటర్ల సీసా తగ్గింపు పోను 140 రూపాయలు అనుకుందాం. మిల్లీలీటరుకు పద్దెనిమిది పైసలు దాటుతుంది. అదే అరలో కింద, ఏ కాగితమూ లేకుండా, రెండు లీటర్ల పౌచ్ 300 రూపాయలకు ఉంటే మిల్లీలీటరుకు పదిహేను పైసలే. తగ్గింపు ఉన్నది ఖరీదైన దాని మీద, చవకైనది వంగి చూస్తే తప్ప కనపడని చోట. ఒకటి గుర్తుంచుకోవాలి. ఎంఆర్‌పీ అంటే అంతకు మించి అమ్మకూడదన్న హద్దు. అది వస్తువు అసలు విలువ కాదు. హద్దును ముందే ఎత్తులో పెట్టి, దాని మీద ఇరవై శాతం తగ్గించామంటే మనకు మిగిలిందేమిటో గ్రాము లెక్కే చెప్పాలి.

‘రెండు వేలకు కొంటే రెండు వందలు తగ్గింపు’ అన్న కూపన్ మీద కూడా ఆవిడ లెక్క సూటిగా ఉంటుంది. చీటీ ప్రకారం సరుకు పదహారు వందలు. కూపన్ కోసం మరో నాలుగు వందలవి వేసుకుంటే కట్టేది పద్దెనిమిది వందలు. రెండు వందలు కలిసొచ్చాయని కాగితం అంటుంది, పర్సులోంచి మాత్రం రెండు వందలు ఎక్కువ పోయాయి. అదనంగా వేసుకున్నది వచ్చే నెల చీటీలో ఎలాగూ రాయాల్సిన సబ్బులో, ఉప్పో అయితే సరే. కొత్త రకం నూడుల్స్ అయితే కాదు. ఫోన్ యాప్‌లలో ‘ఇంకో నలభై రూపాయలకు కొంటే డెలివరీ ఉచితం’ అన్నదీ ఇదే వరస. కొత్తిమీర కట్ట కోసం తెరిచిన యాప్‌లో చిప్స్ ప్యాకెట్ ఎక్కుతుంది.

ఇంకో సంగతి. కూపన్లు ఏ సరుకుకు వస్తాయో చూడండి. బిస్కెట్లు, సబ్బులు, షాంపూలు, కూల్‌డ్రింకులు, పొడులు. మన వంటింటి ఖర్చులో పెద్ద వాటా బియ్యం, పాలు, కూరగాయలు, పప్పు, నూనెలది. గూబర్ మార్కెట్‌లో వంకాయల గంప ముందు కూర్చున్న ఆమె కూపన్ ఇవ్వదు. పొద్దున్నే వచ్చే పాన్‌లే పాల ప్యాకెట్‌కు ‘ఒకటి కొంటే ఒకటి’ ఉండదు. అమెరికా టీవీ పద్ధతిని ఉన్నదున్నట్టు ఇక్కడికి తెస్తే, మనం తినేదాన్ని వదిలేసి కూపన్ వచ్చేదాన్ని తినడం మొదలవుతుంది. నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఇదే. డబ్బు పోతే వచ్చే నెల సర్దుకోవచ్చు, పిల్లల నాలుకకు పట్టిన రుచిని వెనక్కి తిప్పడం కష్టం.

అలాగని నిల్వ చేసుకోవడమే తప్పని అనను. తెలుగిళ్ళకు నిల్వ కొత్త కాదు. వేసవిలో ఏడాదికి సరిపడా చింతపండు, మిరపకాయలు, పసుపు కొమ్ములు కొని పెట్టుకోవడం, ఆవకాయ పెట్టడం, బియ్యం పాతబడేదాకా ఆగి వండుకోవడం మన పెద్దల పద్ధతి. పంట చేతికొచ్చి ధర దిగిన రోజుల్లో, ఇంట్లో ఏడాదికి ఎంత పడుతుందో తెలిసి, ఎలా దాచాలో తెలిసి కొనేవారు. కందిపప్పుకు ఆముదం పట్టించి ఎండబెట్టేవారు. బియ్యంలో వేపాకు వేసేవారు. సముద్రపు గాలి ఊరైన పుదుచ్చేరిలో ఇది మరీ ముఖ్యం. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో అప్పడాలు మెత్తబడతాయి, రవ్వ ఉండలు కడుతుంది, గోధుమపిండిలో పురుగు తిరుగుతుంది. ఆ మూడు నెలల ముందు ‘మూడు కిలోలు కొంటే కిలో ఉచితం’ అని రవ్వ తెచ్చుకుంటే ఆ ఉచితం కిలోతో పాటు కొన్న కిలో కూడా పోవచ్చు. మా ఎదురింటి అక్క సెప్టెంబర్ నుంచే పిండీ రవ్వా అరకిలో చొప్పున తెస్తారు. గ్రాము లెక్కలో కాస్త ఎక్కువ పడినా, పారబోసేది ఉండదు కాబట్టి అదే చవక.

భయంతో చేసే నిల్వ ఎలా ఉంటుందో 2023లో అమెరికా తెలుగువాళ్ళు చూశారు. ఆ ఏడాది జూలై 20న మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. ఆ వార్త వాట్సాప్‌లో పాకగానే టెక్సాస్ మొదలు చాలాచోట్ల భారతీయ దుకాణాల ముందు బారులు తీరారు. సోనా మసూరి బస్తాలు పదేసి చొప్పున కార్లలోకి ఎక్కాయి. కొన్ని దుకాణాలు ధర అమాంతం పెంచాయి, కొన్ని కుటుంబానికి ఒక్క బస్తానే అని బోర్డు పెట్టాయి. అన్నం లేనిదే పొద్దు గడవదనుకునే మనవాళ్ళ బెంగ నాకు అర్థమవుతుంది. కానీ ఎక్కువ ధర పెట్టి తెచ్చిన పది బస్తాలు అపార్ట్‌మెంట్ గదిలో ఎంతకాలం దాచగలరు? పొద్దున వెళ్ళినవాళ్ళు పదేసి ఎత్తుకుపోతే, డ్యూటీ దిగి సాయంత్రం వచ్చినవాళ్ళకు ఏం మిగులుతుంది? ఆ నిషేధాన్ని 2024 సెప్టెంబర్‌లో ఎత్తేశారు. టీవీ కార్యక్రమంలో అరలన్నీ ఊడ్చుకుపోయే దృశ్యాలు చూసినప్పుడూ నాకు ఆ తర్వాత వచ్చేవాళ్ళే గుర్తొస్తారు.

పొదుపు పాఠాలు చెప్పేవాళ్ళు ఎక్కువగా మరిచిపోయేది చేతిలో ముందస్తు డబ్బు లేనివాళ్ళను. రెండు లీటర్ల పౌచ్ చవకని నేను రాశాను. రోజు కూలీ మీద బతికే ఇంట్లో గిన్నెల సబ్బుకు ఒక్కసారి మూడు వందలు ఎక్కడినుంచి తీస్తారు? వాళ్ళు పొట్లం కొంటారు, గ్రాముకు ఎక్కువ కడతారు. వాళ్ళకు దక్కే అసలైన కూపన్ రేషన్ కార్డే. ఆ కార్డు విషయంలో పుదుచ్చేరి చాలా చూసింది. 2015 సెప్టెంబర్‌లో ఇక్కడా చండీగఢ్‌లోనూ ఆహార భద్రత చట్టం కింద బియ్యానికి బదులు బ్యాంకు ఖాతాలో డబ్బు వేయడం మొదలైంది. ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే ఉచిత బియ్యం సంగతిలో అప్పటి ముఖ్యమంత్రి వి.నారాయణసామి బియ్యమే ఇవ్వాలన్నారు, లెఫ్టినెంట్ గవర్నర్ కిరణ్ బేడీ డబ్బే ఇవ్వాలన్నారు. తగవు మద్రాసు హైకోర్టుకెక్కి, 2020లో డబ్బు వైపే తేలింది. 2024 దీపావళి ముందు, మూతపడ్డ రేషన్ దుకాణాలు మళ్ళీ తెరిచి బియ్యం ఇచ్చారు. డబ్బైతే నచ్చిన బియ్యం కొనుక్కోవచ్చు, నిజమే. కానీ బజారులో ధర పెరిగినంత వేగంగా ఖాతాలో పడే మొత్తం పెరగదు. బియ్యంగా వస్తే ధర పెరిగినా కిలో కిలోయే. నా మటుకు బియ్యమే మేలంటాను.

చివరికి చేతిలో ఎంత మిగిలిందన్న కొలతే దూరం వెళ్ళి చవకగా తెచ్చుకోవడానికీ పనికొస్తుంది. ఆంధ్ర కంటే యానాంలో పన్ను తక్కువ కాబట్టి పెట్రోలు చవక. కాకినాడ నుంచి పనిమీద అటు వెళ్ళినవాళ్ళు ట్యాంకు నింపుకొస్తే లాభమే. దాని కోసమే ముప్ఫై కిలోమీటర్లు వెళ్ళి రావడమంటే, మిగిలింది దారిలోనే కాలిపోతుంది. మూడు సూపర్ మార్కెట్లు తిరిగి మూడు ఆఫర్లు పట్టుకొచ్చేవాళ్ళు ఆటో ఖర్చు కూడా అదే కాగితం మీద రాసుకోవాలి.

దుకాణాల నుంచి కొనేవాళ్ళు అడగాల్సినవి రెండున్నాయి. మొదటిది, ‘ఒకటి కొంటే ఒకటి’ అన్న కాగితం మీదే ఆ సరుకు గడువు తేదీ కూడా పెద్ద అక్షరాల్లో రాయాలి. గడువు దగ్గరపడ్డ సరుకును చవకగా అమ్మడంలో తప్పులేదు, పారబోయడం కంటే నయమే. ఆ సంగతి చెప్పి అమ్మాలి. రెండోది, గ్రాము ధర ప్యాకెట్ వెనక చీమ తలకాయంత కాకుండా అర మీద ధర పట్టీలోనే ఉండాలి. కళ్ళజోడు మరిచిపోయి వచ్చిన పెద్దావిడ కూడా చదవగలగాలి. ఎంఆర్‌పీ కంటే ఎక్కువ తీసుకున్నా, గడువు దాటిన సరుకు అంటగట్టినా, ప్రకటించిన ఆఫర్ బిల్లు దగ్గర ఇవ్వకపోయినా బిల్లు పారేయకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఫిర్యాదు తెలుగులోనే చెప్పుకోవచ్చు.